సదాపాకు కుండీలో ఏడు గుడ్లు

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న కుండీలకి నీళ్ళు పోస్తుంటే, సదాపాకు రెమ్మ కొసన లేత పసుపు చుక్క ఒకటి కనబడింది. ఏ పువ్వు పుప్పొడో రాలి అంటుకుందనుకుని వేలితో దులపబోయాను. కదల్లేదు. వంగి చూస్తే పక్క రెమ్మ మీద ఇంకోటి, కింది ఆకు వెనక ఇంకోటి. లెక్కపెడితే ఏడు. మావయ్యగారు పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చి పట్టాను. గుండ్రంగా, నున్నగా, వెన్న రంగులో ఉన్నాయి. గసగసాల కంటే పెద్దవి, ఆవగింజ కంటే పిసరంత చిన్నవి. పాత జామెట్రీ బాక్సులోని స్కేలు పక్కన పెడితే ఒక మిల్లీమీటరు గీత దాటి కాస్త బయటికి వచ్చాయి. ఆకుని ఆనుకున్న వైపు మాత్రం కొంచెం అణిగి ఉన్నాయి.

గుడ్లని తెలుస్తూనే ఉంది. ఎవరి గుడ్లన్నది తెలియాలి. అంతకంటే నాకు అర్థం కానిది, పోయి పోయి సదాపాకు మీదా అని.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బజారులో రెండూ. మా అమ్మాయి కడుపుతో ఉండి ఐదో నెల రాగానే మా అత్తయ్య పాతపట్నంలో ఉన్న తన చెల్లెలింటి నుంచి కొమ్మ తెచ్చి ఈ మొక్క నాటారు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో సదాపాకు ఉండాల్సిందేనని ఆవిడ పట్టు. రోజూ ఒక రెమ్మ తుంపి ఉయ్యాలకి కడతారు. లోపలికి మాత్రం ఒక్క చుక్క కూడా పట్టొద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు, అత్తయ్య మొహం మాడ్చుకుని ఒప్పుకున్నారు. ఆ మొక్క ఘాటు తెలిసినవాళ్ళకి తెలుసు. చెయ్యి తగిలితే సాయంత్రం దాకా వాసన వదలదు. వీధిలో మేకలు గోడమీంచి తల పెట్టి మందారం నమిలేసి పోతాయిగానీ దీని జోలికి రావు. అలాంటి దాని మీద ఏ తల్లయినా పిల్లల్ని పెడుతుందా? మా పెరట్లో కరివేపాకు ఉంది, నిమ్మ ఉంది. ఏటా వాటి చిగుళ్ళని పురుగులు తినడం మామూలే. వాటి మీద కనబడి ఉంటే రెండోసారి చూసేదాన్ని కాదు.

"ఏటే అది, చీడ పట్టిందా?" అన్నారు అత్తయ్య, పిల్లని ఒళ్ళో వేసుకుని. పట్టలేదన్నాను, ఏం తెలిసి అన్నానో తెలీదు. అప్పటికీ పురుగుమందుల కొట్టుకి వెళ్ళి ఫోటో చూపించాను. అతను తల ఎత్తకుండానే ఒక పొట్లం ముందు పెట్టి తొంభై రూపాయలన్నాడు. దేనికిది అంటే అన్నిటికీ అన్నాడు. కొన్నాను కూడా. ఇంటికొచ్చాక, ఉయ్యాలకి కట్టే ఆకు మీద చల్లడానికి చెయ్యి రాలేదు. ఆ పొట్లం ఇప్పటికీ అటక మీద ఉంది.

మా అన్నయ్య కొడుకు భువనేశ్వర్‌లో వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాడు. పుట్టి పెరిగింది అక్కడే. తెలుగు బాగానే మాట్లాడతాడుగానీ మొక్కల పేర్లన్నీ ఒడియాలోనే వచ్చు. వాడికి గుడ్డు ఫోటో పంపితే జవాబుకి బదులు ప్రశ్నలు వచ్చాయి. ఒక్కొక్కటిగా ఉన్నాయా, గుంపుగానా? నిలువు గాళ్ళు ఉన్నాయా? పైన నూగు కప్పిందా? కింద కాడ ఉందా?

ఏ ప్రశ్న ఎందుకో తర్వాత ఫోనులో చెప్పాడు. గుంపుగా పెట్టి గోధుమరంగు నూగు కప్పితే పొగాకు లద్దె పురుగు. మూత పెట్టిన పీపాల్లా పక్కపక్కనే వరస కడితే ఆకు రసం పీల్చే నల్లుల జాతి. వెంట్రుకంత సన్నటి కాడ చివర నిలబడితే అల్లిక రెక్కల పురుగు. దాన్ని చంపకూడదు, అది పేనుబంకని తింటుంది. జిల్లేడు ఆకు మీద నిలువు గాళ్ళతో పొడుగ్గా ఉంటే ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక. తంగేడు మీద కండెలా నిలబడి ఉంటే లేత పసుపు రెక్కలవి. నావి ఇందులో ఏవీ కావు. విడివిడిగా, నున్నగా, బంతిలా ఉన్నాయి.

"మొక్క పేరు చెప్పత్తా" అన్నాడు.

"సదాపాకు."

"సదా... సదాబిహారీయేనా?"

లైను సరిగ్గా లేదు, పిల్ల ఏడుస్తోంది. ఒడియాలో అలా అంటారు కాబోలనుకుని అవునన్నాను. ఆ ఒక్క 'అవును'తో రెండు రోజులు పోయాయి. సదాబిహారీ అంటే మనం బిళ్ళగన్నేరు అనేది. వాడు లెక్కలు వేసి ఇది సీతాకోకచిలుక కాదు, ఓలియాండర్ హాక్ మాత్ అనే రాత్రి పురుగు అని తేల్చాడు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు మీద అది గుండ్రటి గుడ్లు విడివిడిగా పెడుతుంది. గుడ్లు లేత ఆకుపచ్చగా ఉండాలట, నావి పసుపు. "ఫోనులో రంగు మారుతుందిలే" అన్నాడు. పుట్టే పురుగుకి తోక దగ్గర కొమ్ము ఉంటుంది, చూసుకో అన్నాడు. నేను అత్తయ్యకి చెప్పేశాను, పక్కింటి మావుసికీ చెప్పేశాను. మావుసి మాత్రం గుడ్లు చూసి "ప్రజాపతి" అంది. ఒడియాలో సీతాకోకచిలుకని అలాగే అంటారు. నేను చదువుకున్న మేనల్లుడి మాట పట్టుకుని ఆవిడ్ని కొట్టిపారేశాను.

రెండో రోజు సాయంత్రం గుడ్ల పైకొసన చిన్న ఎర్రటి మరకలు వచ్చాయి. ఆ ఫోటో తీస్తున్నప్పుడు ఫ్రేములో మొక్క కూడా పడింది. పది నిమిషాల్లో ఫోను.

"అత్తా, ఇది సదాబిహారీ ఎక్కడ? ఇది రూటా కదా!"

గొంతులో నవ్వో సిగ్గో తెలియలేదు. సదాపాకు అసలు పేరు రూటా గ్రావియోలెన్స్ అట. నిమ్మ, నారింజ, బత్తాయి, కరివేపాకు, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబం పేరు రూటేసీ. ఆ పేరు ఈ రూటా నుంచే వచ్చింది. అంటే కరివేపాకు దగ్గర్నుంచి మారేడు దాకా అందరి ఇంటిపేరూ మా కుండీలో ఉన్నదాని పేరే. అది పరాయి మొక్క, సీతాకోకచిలుక దారి తప్పి వచ్చిందనుకుని కూర్చున్నది నేనే.

నమ్మకం కుదరక అడిగాను, ఎలా తెలుస్తుంది, పోలికే లేదు కదా అని. నిమ్మాకు దళసరిగా ముదురాకుపచ్చగా ఉంటుంది. సదాపాకు చూస్తే బూడిద పూసుకున్నట్టు నీలి ఛాయలో, కొసలు గుండ్రంగా, చిన్న చిన్న గరిటెల్లా ఉంటుంది. ఎండకి పెట్టి చూడు అన్నాడు. మర్నాడు ఎనిమిదింటికి ఒక్కో ఆకు కోసి సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాను. ముందు నిమ్మ. ఆకంతా సూదితో పొడిచినట్టు సన్నటి వెలుగు చుక్కలు. తర్వాత కరివేపాకు, అవే చుక్కలు. మావుసి ఇంటి గోడమీంచి వంగిన మారేడు నుంచి ఒక దళం తెంపాను, మూడాకుల్లోనూ చుక్కలే. సదాపాకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తే, ఆ చిన్న గరిటె నిండా చుక్కలు. మందారం ఆకు పట్టి చూశాను, ఉత్త ఆకుపచ్చ. ఆ వెలుగు చుక్కలు నూనె నిండిన సంచులు, ఆ ఘాటంతా అక్కడిదే. శివరాత్రి నాడు ఆ మారేడు దళాలే గిన్నెడు కోసి శివుడికి వేశాను, ఒక్కదాన్నీ వెలుతురుకి పట్టి చూడలేదు.

సీతాకోకచిలుకకి ఈ ఎండా వెలుతురూ ఏమీ అక్కర్లేదు. ఆడది ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టపటపా తడుతుంది. ఆ కాళ్ళలోనే దానికి రుచి తెలుస్తుంది. తట్టి చూసి తన పిల్లల తిండే అనిపిస్తే పొట్ట వంచి ఒక గుడ్డు అంటించి లేచిపోతుంది. మేనల్లుడు ఇలా చెబుతుంటే నాకు గుర్తొచ్చింది. శివరాత్రి మర్నాడు మధ్యాహ్నం నలుపూ మీగడరంగూ కలిసిన పెద్ద సీతాకోక ఒకటి కుండీల మీద నిలవకుండా ఎగురుతూ కనబడింది. తేనె కోసం అయితే పువ్వు మీద కూర్చుంటుంది కదా, దీనికేం తిక్క అనుకున్నాను.

కుటుంబం తెలిసింది, ఇక ఇద్దరే మిగిలారు. ఒకటి నిమ్మ సీతాకోక, పాపిలియో డెమోలియస్. రెండోది కామన్ మోర్మాన్, పాపిలియో పాలిటిస్. రెండింటికీ పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్సే, 1758లో. రెండూ ఎక్కువగా నిమ్మ జాతి ఆకులే తింటాయి, రెండూ గుండ్రటి పసుపు గుడ్లే పెడతాయి. "గుడ్డు చూసి చెప్పమంటే నేను చెప్పలేను అత్తా, పెంచి చూడు" అన్నాడు. ఈసారి తొందరపడలేదు వాడు.

ఏడింటిలో రెండు మూడోనాటికి మాయం. చీమలు అనుకుంటాను. ఒకటి నల్లబడింది. మిగతావి కూడా పగిలే ముందు ముదురు రంగుకి తిరిగాయి, కానీ వాటిలో లోపల పురుగు తల నల్లటి చుక్కలా కదలడం భూతద్దంలో కనబడింది. ఇది అలా కాదు, బొగ్గుపొడి నింపినట్టు ఏకంగా నలుపు. దాన్ని ఆకుతో సహా గాజు సీసాలో వేసి మూతికి పాత చీర ముక్క కట్టాను. అలా ఎనిమిది రోజులున్నాక గుడ్డుకి సూదిమొన అంత కన్నం, సీసాలో నుసి లాంటి రెక్కల పురుగులు అయిదారు. భూతద్దం లేకపోతే దుమ్మనుకునేదాన్ని. కందిరీగ జాతిలో మరీ చిన్నవివి. తల్లి గుడ్డులోకి తన గుడ్డు పొడిచేస్తుంది. రైతులకి ట్రైకో కార్డులని ఇచ్చేవి ఇలాంటివే. ఒక అట్టముక్క మీద బియ్యం పురుగు గుడ్లు అతికించి, వాటిలో ఈ బుల్లి కందిరీగల్ని పెంచి పొలానికి ఇస్తారు. సీతాకోక గుడ్డులోంచి కందిరీగలు వచ్చాయంటే మావుసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మిగిలిన నాలుగూ నాలుగో రోజుకి పగిలాయి. బయటికి రాగానే అవి మొదట తిన్నది తమ గుడ్డు పెంకునే. తోక దగ్గర కొమ్ము లేదు, హాక్ మాత్ కథ అక్కడితో సరి. నల్లగా, ముళ్ళుముళ్ళుగా, దారపు ముక్కల్లా ఉన్నాయి. వారం తిరిగేసరికి గోధుమరంగు ఒంటి మీద తెల్లటి మరకలతో అచ్చం కాకి రెట్టలా తయారయ్యాయి. పిట్టల కళ్ళు కప్పడానికట. నా కళ్ళూ కప్పాయి. ఒకసారి తడిగుడ్డతో ఆకు తుడవబోయి ఆగాను.

తిండి దగ్గర అసలు టెన్షన్ మొదలైంది. కుండీలో మొక్క ఎంతని? రెండు వారాలకి సగం బోడి అయిపోయింది. అత్తయ్య రోజూ పొద్దున్న వచ్చి "పిల్ల కోసం నాటాను, పురుగుల కోసం కాదు" అని వినబడేలా అని వెళ్ళేవారు. కరివేపాకు పెడితే మూడు మొహం తిప్పేసుకున్నాయి, ఒకటి మాత్రం తింది. నిమ్మ చిగురు పెడితే ఒక పూట ఉపవాసం ఉండి తర్వాత తిన్నాయి. నాలుగోది, కాస్త చిన్నది, ఉపవాసంతోనే పోయింది. అది నా తప్పే. పాతపట్నంలో అత్తయ్య చెల్లెలుగారింట్లో సదాపాకు ఇంకా ఉందని తెలిసి కూడా బద్ధకించి వెళ్ళలేదు.

ఆ మర్నాడే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, చేతులు మోచేతి దాకా పెట్టి కత్తెరతో రెమ్మలు కోసి సంచీలో వేసుకుని, ఎండలో బస్సు కోసం అరగంట నిలబడ్డాను. రెండో రోజుకి కుడి మణికట్టు మీద ఎర్రటి చారలు, మూడో రోజుకి నీటి బుడగలు. మందుల షాపులో ఎలర్జీ అన్నారు. మేనల్లుడికి చెబితే నాలిక కరుచుకున్నాడు. సదాపాకు పసరులో సోరాలెన్ జాతి పదార్థాలు ఉంటాయట. పసరు ఒంటి మీద పడ్డాక ఎండ తగిలితే చర్మం కాలిపోతుంది. సోరాలెన్ అన్న మాట బావంచాల మొక్క పాత శాస్త్రీయ నామం సోరాలియా నుంచి వచ్చింది. బొల్లి మచ్చలకి బావంచాలు వాడి ఎండలో కూర్చోబెట్టడం మన వాళ్ళకి తెలిసిందే. ఆ కిటుకే ఇక్కడ నా మణికట్టు మీద పనిచేసింది. ఆస్ట్రేలియాలో ఈ నిమ్మ సీతాకోక బావంచాల బంధువుల మీదే గుడ్లు పెడుతుందని కూడా వాడే చెప్పాడు. నాకు బుడగలు తెప్పించిన పసరుని ఆ పురుగులు పూటకి రెండాకుల చొప్పున తిని అరిగించుకుంటున్నాయి, వాటి పొట్టలో దాన్ని విరగ్గొట్టే ఎంజైములున్నాయి. నా చేతి మీద గోధుమరంగు మచ్చ ఇంకా పోలేదు. ఉయ్యాలకి రెమ్మ కట్టడం మాత్రం ఆ రోజే మానిపించాను. ఆ ఒక్క విషయంలో అత్తయ్య నా చెయ్యి చూసి మారు మాట్లాడలేదు.

ఆఖరి కుబుసం విడిచాక మూడూ ఆకుపచ్చగా, చిటికెన వేలంత అయ్యాయి. మా అమ్మాయి పిల్లకి దురద వస్తుందేమోనని భయపడింది. వీటికి గొంగళి పురుగు నూగు లేదు, దురద పుట్టదు. కోపం వస్తే మాత్రం వేరే అస్త్రం ఉంది. చీపురు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు పాయల మెత్తటి కొమ్ము ఉబికి వచ్చింది, దాంతో కుళ్ళిన నారింజ తొక్క లాంటి వాసన. రెండు క్షణాల్లో లోపలికి పోయింది. ఆ సాయంత్రం వీధిలో పిల్లలందరూ వరస కట్టి చూసి వెళ్ళారు.

తర్వాత ఒకదాని వెనక ఒకటి తిండి మానేసి, నీళ్ళలా విసర్జించి, చోటు కోసం తిరిగాయి. రెండు రెమ్మల మీదే, ఒకటి నేను ఊతానికి గుచ్చిన ఎండుపుల్ల మీద స్థిరపడ్డాయి. తోక కొసని పట్టు మీద ఆనించి, నడుముకి ఒక దారం చుట్టుకుని, కొబ్బరిచెట్టు ఎక్కేవాడు మోకు మీద వాలినట్టు వెనక్కి వాలాయి. రెమ్మల మీది గూళ్ళు ఆకుపచ్చ, పుల్ల మీదిది గోధుమరంగు. పుల్ల మీదిది మిగతా రెండింటి కంటే ఎక్కువ వంగి, తల దగ్గర రెండు కొనల మధ్య లోతుగా చీలి ఉంది. ఫోటో తీశానుగానీ పట్టించుకోలేదు. మూడూ ఒకటే అని అప్పటికే మనసులో తీర్మానించేసుకున్నాను.

ఉగాది రెండు రోజులుందనగా పొద్దున్న ఏడింటికి మొదటిది, తొమ్మిదింటికి రెండోది వచ్చాయి. ముందురోజు రాత్రే గూడు పలచబడి లోపలి రెక్కల మచ్చలు కనబడ్డాయి. నలిగిన కాగితం లాంటి రెక్కలు అరగంటలో సాగాయి. నలుపు మీద మీగడరంగు మచ్చలు, కింది రెక్క మూల ఎర్రటి బొట్టు, తోక లేదు. నిమ్మ సీతాకోక. మేనల్లుడికి మెసేజ్ పెట్టాను, మూడూ అవే అని.

ఉగాది మర్నాడు మూడోది వచ్చింది. దాన్ని చూసి నా నోట మాట రాలేదు. కింది రెక్కలకి తోకలు. నల్లటి రెక్కల మధ్య తెల్లటి మచ్చలు, అంచున గులాబీ ఎరుపు. పుస్తకంలో బొమ్మ చూస్తే కామన్ రోజ్ అని ఉంది, అచ్చు గుద్దినట్టు అదే. మావుసి తెచ్చిన ఉగాది మిఠాయి చేతిలోనే ఉంది, అలాగే ఫోటో తీసి పంపాను.

"రోజ్ సదాపాకు మీద పుట్టదు అత్తా, దాని పిల్లలు ఈశ్వరి తీగ తప్ప తినవు" అని జవాబు. వెంటనే ఇంకోటి. "ఒళ్ళు ఏ రంగు?"

దగ్గరికి వంగి చూశాను. రోజ్‌కి ఒళ్ళు ఎర్రగా ఉంటుందట. ఈశ్వరి తీగ విషం ఒంట్లో ఉండటంతో పిట్టలు దాన్ని ముట్టవు. మోర్మాన్ ఆడదానిలో ఒక రకం ఆ రెక్కల వేషం వేసుకుని బతికేస్తుంది. వేషం రెక్కల దాకానే, ఒంటికి ఆ ఎరుపు లేదు. ఈ వేషమంతా డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు చేతిలో ఉందని 2014లో తేల్చారు. నా ముందున్నదాని ఒళ్ళు నల్లగా ఉంది, చిన్న తెల్లటి చుక్కలతో. ఆ గోధుమరంగు గూడు ఎందుకు అంత వంగి ఉందో అప్పుడు తెలిసింది. పాత ఫోటో తీసి మళ్ళీ చూసుకున్నాను. కరివేపాకు కాదనకుండా తిన్నది కూడా ఇదేనేమో, గుర్తు పెట్టుకోలేదు.

ఎండ ఎక్కాక అది రెండుసార్లు రెక్కలు ఆడించి, గోడ దాటి మావుసి ఇంటి మారేడు వైపు పోయింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బోడి కాడలు మిగిలిన కుండీని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "ఇప్పుడైనా నా మొక్క నాకు ఇస్తావేటే?" అన్నారు.